ఫోన్‌లో ప్రాక్టికల్ పెట్టమంటున్నారు సార్, మార్కులు ఎలా వెయ్యాలి?

ప్రశ్న: సార్ నమస్తే. నేను ఒక ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్తున్నాను, చేరి ఇంకా రెండేళ్ళు కాలేదు. ఫస్టియర్ పిల్లలు 20 మంది ఓజేటీకని, అంటే బయట పనిచోట శిక్షణకని, తలా ఒక చోటికి వెళ్ళారు, కొందరు మోటార్ వైండింగ్ షాపుల్లో, కొందరు రైస్ మిల్లుల్లో, మిగతావాళ్ళు ఇళ్ళకి వైరింగ్ చేసే కాంట్రాక్టర్ల దగ్గర. ఈ నెల ఇంటర్నల్ ప్రాక్టికల్ ఫోన్‌లోనే పెట్టేసి మార్కులు ఇచ్చెయ్యమని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. కిందటిసారి స్టెయిర్‌కేస్ వైరింగ్ (ఒకే బల్బుని మెట్ల కింద నుంచీ పైనుంచీ వేసి ఆర్పేది) చేసి వీడియో పంపమంటే అందరి బల్బులూ వెలిగాయి, తీరా చూస్తే ఇద్దరు ఒకే బోర్డు చూపించారు, ఇంకొకడికి వాళ్ళ బాబాయ్ చేసి పెట్టాడని మిగతావాళ్ళే చెప్పారు. ముగ్గురికి ఇంటి దగ్గర సిగ్నలే ఉండదు. ఇలా మార్కులు వెయ్యడానికి మనసొప్పట్లేదు, వెయ్యకపోతే ఊరుకోరు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నా సర్వీసులో నీ వయసు వాళ్ళకి పాఠాలు చెప్పే వచ్చా. ముందు తప్పెక్కడ జరిగిందో చెప్తా, కోప్పడకు. నువ్వు అడిగింది బల్బు వెలిగిన వీడియో, వాళ్ళు పంపిందీ బల్బు వెలిగిన వీడియోనే. పిల్లలు చేసిన మోసం కన్నా నువ్వు అడిగిన దాంట్లో ఉన్న లొసుగే పెద్దది.

మనం షాప్‌లో, అంటే ఐటీఐ వర్క్‌షాప్‌లో, ఉన్నప్పుడు బల్బు చూసి మార్కులు వేస్తామా? వాడు స్ట్రిప్పర్ ఎలా పట్టుకున్నాడు, వైరు ఎంత వేస్ట్ చేశాడు, డ్రాయింగ్ గీసుకున్నాడా లేక పక్కోడి బోర్డు చూస్తున్నాడా, స్క్రూ బిగించాక ఓసారి లాగి చూశాడా, ఇవన్నీ బెంచీల మధ్య తిరుగుతూ మనకే తెలీకుండా చూసేస్తాం, చివర్లో బల్బు వెలిగితే సరేలే అని సంతకం పెడతాం. మార్కులు అప్పటికే మన బుర్రలో పడిపోయి ఉంటాయి. ఫోన్‌లో పెట్టేసరికి ఆ చూడాల్సిందంతా వదిలేసి చివరి బల్బు ఒక్కటి అడుగుతాం.

నేనూ అదే చేశా. 2020 మార్చిలో అన్నీ మూతపడ్డాక మా బ్యాచ్‌ని ట్యూబ్‌లైట్ కనెక్షన్ వీడియో పెట్టమన్నా, ఒక కుర్రాడు ఎంత నీట్‌గా పంపాడంటే గ్రూపులో పెట్టి అందరూ ఇలా చెయ్యండ్రా అని మెచ్చుకున్నా. మళ్ళీ షాప్ తెరిచాక వాడి చేతికి ఒకటిన్నర ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరు ఇచ్చి ఇన్సులేషన్ తియ్యరా అంటే మూడుసార్లు తీస్తే మూడుసార్లూ లోపలి పోగులు తెగ్గోశాడు. వీడియోలో చేతులు వాళ్ళ అన్నయ్యవంట. వాడే నవ్వుతూ చెప్పాడు, నాకేం నవ్వు రాలేదు.

ఇక ముఖ్యమైన సంగతి, మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకు. ఫోన్‌లో పెట్టే ప్రాక్టికల్లో సప్లై, అంటే కరెంటు, ఇవ్వొద్దు. అసలు ఇవ్వొద్దు. అదే లాక్‌డౌన్‌లో ఇంకో అబ్బాయి లైవ్‌లో హోల్డర్ చూపిస్తూ చూపిస్తూ కుర్చీ దిగాడు, చెప్పుల్లేని కాళ్ళు, కింద అప్పుడే కడిగిన గచ్చు తడి మెరుస్తోంది, చేతిలో వైరు కొస, స్విచ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో నాకు కనపడట్లేదు, ఆగరా ఆగరా అని నేను అరుస్తుంటే కాల్ ఫ్రీజ్ అయిపోయింది. ఓ అర నిమిషం ఉంటుందేమో. వాడికేం కాలేదు, ఎంసీబీ, అంటే కరెంటు కట్ చేసే స్విచ్, దించే ఉందంట. షాప్‌లో అయితే మెయిన్ నా చేతికి అందే దూరంలో ఉంటుంది, ఫోన్‌లో నేను చెయ్యగలిగింది అరవడం ఒక్కటే, అది కూడా నెట్ ఉంటేనే. ఆ రోజు నుంచి డెడ్ బోర్డు మీదే. మెగ్గర్, అదే ఇన్సులేషన్ టెస్ట్ చేసే మీటర్, కూడా ఇంట్లో ఒంటరిగా ఉన్న కుర్రాడి చేతికి ఇవ్వొద్దు, చేత్తో తిప్పేదే కదా అనుకుంటారు గానీ 500 వోల్టుల డీసీ వస్తుంది దాన్నుంచి.

సప్లై లేకుండా స్టెయిర్‌కేస్ వైరింగ్ ఎలా చూస్తాం అంటావా, నన్నడిగితే సప్లై ఉన్నదానికన్నా బాగా చూడొచ్చు. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టించు, వైరు దారి తెగకుండా ఉంటే బీప్ కొడుతుంది. ఒక కొస ఫేజ్ వచ్చే చోట, ఇంకో కొస హోల్డర్లో స్విచ్ నుంచి వైరు వచ్చే టెర్మినల్ మీద. హోల్డర్లో బల్బు ఉండకూడదు, ఎల్‌ఈడీ మీదుగా కొలిచాడంటే బీప్ రాదు, వాడు కంగారుపడి బాగున్న కనెక్షన్లన్నీ విప్పేస్తాడు. ఇప్పుడు రెండు స్విచ్‌లకి కలిపి నాలుగు పొజిషన్లు, రెండూ పైకి, రెండూ కిందకి, ఒకటి పైకి ఒకటి కిందకి, మళ్ళీ అటుది ఇటు. కనెక్షన్ కరెక్ట్ అయితే నాలుగింట్లో రెండుసార్లు బీప్ రావాలి, రెండుసార్లు రాకూడదు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు తెలుసు కదా, ఒక స్విచ్‌లో కామన్‌కి, అంటే అటో ఇటో కలిసే ఉమ్మడి టెర్మినల్‌కి, పెట్టాల్సిన వైరు పక్క టెర్మినల్‌కి పెట్టి, పక్కదాన్ని తెచ్చి కామన్‌కి పెడతారు. అప్పుడు నాలుగింట్లో ఒక్కసారే బీప్ వస్తుంది. ఇళ్ళల్లో "పైన స్విచ్ ఇలా ఉంటేనే కింద పనిచేస్తుందండీ" అని చెప్పే కంప్లైంట్ ఇదే. వీడియోలో బల్బు ఒక్కసారి వెలిగితే చాలనుకుంటే ఈ తప్పు బోర్డు కూడా పాసైపోతుంది, ఎందుకంటే వాడు ఆ ఒక్క పొజిషన్లోనే చూపిస్తాడు. కిందటిసారి నీకు వచ్చిన వీడియోల్లో ఇలాంటివి ఎన్నున్నాయో ఓసారి మళ్ళీ చూడు.

మీటర్ లేని వాళ్ళకి రెండు పెన్సిల్ సెల్స్, ఓ చిన్న టార్చ్ బల్బు, కాస్త వైరు చాలు, టెస్టర్ వాళ్ళనే చేసుకోమను, చేసుకోవడం కూడా ప్రాక్టికలే. సిరీస్ టెస్ట్ ల్యాంప్ మాత్రం వద్దు, అది మళ్ళీ మెయిన్స్ మీదే, అంటే ఇంటి కరెంటు మీదే కదా.

టైం సంగతి. ఒక్కొక్కడిని మొత్తం జాబ్ లైవ్‌లో చూడాలంటే నీ వల్ల కాదు, 20 మందికి నలభై నిమిషాలు వేసుకున్నా పదమూడు గంటలు దాటుతుంది, ఆరో వాడి దగ్గరికే నీ కళ్ళు మూతలు పడతాయి. జాబ్‌ని రెండు ముక్కలు చెయ్యి. బోర్డు మీద స్విచ్ బాక్సులు బిగించడం, పైపు వెయ్యడం, వైర్లు లాగడం వరకు వాళ్ళే ఫోన్‌లో రికార్డు చేసుకుని ఉంచుకుంటారు, కట్ చెయ్యకుండా. టెర్మినల్స్ ఖాళీగా వదిలేసి లైవ్‌లోకి రావాలి. లైవ్ పదిహేను నిమిషాలు, అందులో కొసలు స్ట్రిప్ చేసి కనెక్షన్ ఇచ్చి నాలుగు పొజిషన్లు టెస్ట్ చేసి నువ్వడిగిన రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. రోజుకి నలుగురు, సాయంత్రం పని దిగాక, ఐదు రోజుల్లో అయిపోతుంది. పదిహేను నిమిషాల్లో కనెక్షన్ అవ్వకపోతే అవ్వలేదని రాసుకో, అదీ ఒక సమాచారమే.

ఫోన్ ఎక్కడ పెట్టాలో చెప్పకపోతే నీకు వాడి మొహం, వెనక గోడ మీద క్యాలెండరు తప్ప ఏం కనపడదు. మొదటి అర నిమిషం మొహం, రోల్ నంబరు, చాలు. ఆ తర్వాత ఫోన్ డబ్బాకో కుర్చీ వీపుకో ఆనించి చేతులు, బోర్డు పడేలా పెట్టమను, కుడిచేతి వాటం వాడైతే ఎడమ పక్క నుంచి, లేకపోతే వాడి చెయ్యే అడ్డం వస్తుంది. ఆడపిల్లలు ఉంటే ఇంట్లో కెమెరా తిప్పమనొద్దు, గోడ వైపు పెట్టుకోమను, ఇల్లు నీకెందుకు. వచ్చిన వీడియోలు గ్రూపులో పెట్టొద్దు, మంచివైనా సరే, నేను చేసిన పొరపాటు చెప్పా కదా.

సిగ్నల్ లేని ముగ్గురి గురించి. వాళ్ళకి లైవ్ పట్టుబట్టకు. పొద్దున ఎక్కడో సిగ్నల్ దగ్గర ఉన్నప్పుడు మామూలు ఫోన్ చేసి నువ్వు ఒక నంబరు చెప్పు, ఆ రోజుకే, ఆ కుర్రాడికే. వాడు ఆ నంబరు కెమెరా ముందు స్కెచ్‌పెన్‌తో బోర్డు మీద రాసి, ఆపకుండా ఒకే వీడియోగా తీసి రాత్రికో మర్నాటికో పంపుతాడు. నిజానికి ఈ నంబరు పద్ధతి అందరికీ పెట్టు, ఒకే బోర్డు ఇద్దరు చూపించే బాధ సగం దానితోనే పోతుంది. క్వాలిటీ 720 చాలు, ఫుల్ హెచ్‌డీలో పెడితే నిమిషానికి దగ్గర దగ్గర వంద ఎంబీ అవుతుంది, డేటా అంతా దానికే పోతుంది. కొసల ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమను, మామూలుగా పంపితే నొక్కేసి పంపుతుంది, రాగి పోగు తెగిందో లేదో కనపడదు.

బాబాయ్‌ల సంగతి కొస్తే, పోలీసు పని చెయ్యకు, రూమంతా తిప్పి చూపించమనడం, కళ్ళు పక్కకి తిప్పావేంటనడం, ఇవన్నీ మంచి పిల్లల్ని కూడా వణికిస్తాయి. కనెక్షన్ అంతా అయ్యాక మధ్యలో ఒక్క టెర్మినల్ పేరు చెప్పి అది విప్పి మళ్ళీ పెట్టమను. అంతే. తన చేత్తో చేసుకున్నవాడు స్క్రూడ్రైవర్ తిన్నగా అక్కడికే తీసుకెళ్తాడు, చెయ్యనివాడి చెయ్యి గాల్లో తిరుగుతుంది, ముప్ఫై సెకన్లు కూడా పట్టదు తెలియడానికి. తర్వాత ఓ ప్రశ్న, "ఇదే బల్బు మూడో చోట నుంచి కూడా వెయ్యాలి ఆర్పాలి, ఏం కొనుక్కొస్తావ్, ఎక్కడ పెడతావ్?" ఇంటర్మీడియట్ స్విచ్ అని పేరు గుర్తు రాకపోయినా పర్లేదు, రెండు స్విచ్‌ల మధ్య నడిచే రెండు వైర్లలో పెట్టాలని వేలు పెట్టి చూపిస్తే మార్కు వేసెయ్. సెకండియర్‌కి ఎప్పుడైనా పెట్టాల్సి వస్తే డీవోఎల్ స్టార్టర్ (మోటార్‌ని నేరుగా లైన్‌కి కలిపే స్టార్టర్) మీద "స్టార్ట్ బటన్ వదలగానే మోటార్ ఆగిపోతోంది, ఫస్ట్ ఎక్కడ చూస్తావ్" అని అడుగు, హోల్డింగ్ కాంటాక్ట్ వైపు, అంటే బటన్ వదిలాక కూడా స్టార్టర్‌ని పట్టి ఉంచే కాంటాక్ట్ వైపు, వేలు వెళ్ళిందా లేదా, అంతే చూడు. పుస్తకం పక్కన పెట్టుకున్నా ఇలాంటి వాటికి ఉపయోగం ఉండదు, వెతికే టైం ఉండదు కాబట్టి.

కెమెరాకి కనపడనివి కొన్నున్నాయి, వాటి గురించి నీతో నువ్వు నిజాయితీగా ఉండాలి. స్క్రూ ఎంత బిగిసిందో కనపడదు, కాబట్టి ప్రతి కొసా చేత్తో లాగి చూపించమను, లూజుగా ఉంటే ఊడి చేతికొస్తుంది. టెర్మినల్లో పెట్టకముందే కొస కెమెరా దగ్గరకి తెచ్చి చూపించమను, పోగులు తెగాయా, రాగి ఎక్కువ బయటకి వదిలాడా అన్నవి అప్పుడే తెలుస్తాయి, పెట్టేశాక దేవుడికే ఎరుక. వైరు కొసకి నొక్కి బిగించిన (క్రింపింగ్ చేసిన) లగ్గు గట్టిదనం, జాయింట్ మీద టేపు బిగువు, ఇవి చేతితో పట్టుకుంటే గానీ చెప్పలేం, వాటికి ఫోన్‌లో మార్కులు వెయ్యకు. మీ ఐటీఐలో మిగతా ట్రేడ్‌ల వాళ్ళూ ఇదే తంటాలు పడుతుంటారేమో, వెల్డర్‌కి ఆర్క్ వేసేసరికి కెమెరా తెల్లగా అయిపోతుంది, జాబ్ షాప్‌కి రావాల్సిందే, ఫిట్టర్ వాళ్ళు వెర్నియర్ ఫొటో పంపుతారు, పాయింట్ సున్నా రెండు మిల్లీమీటర్ల తేడా కూడా కొలిచే దాన్ని ఫోన్ కాస్త పక్క నుంచి పెట్టి తీస్తే రీడింగే మారిపోతుంది.

ఇప్పుడు మార్కులు. నీ సిలబస్ పుస్తకంలో, డీజీటీ (కేంద్ర శిక్షణ డైరెక్టరేట్) వాళ్ళదే, అసెస్‌మెంట్ గైడ్‌లైన్ అని ఒక పేజీ ఉంటుంది, ఎవరూ చదవరు, చదువు. సేఫ్టీ, స్క్రాప్ తగ్గించడం, ప్రవర్తన, రెగ్యులారిటీ ఇవన్నీ లెక్కలోకి రావాలని, మూల్యాంకనం ఆధారాలతో ఉండాలని, ఆ ఆధారాలు వచ్చే పరీక్ష అయ్యేదాకా దాచాలని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆధారాలంటే జాబ్, రికార్డు బుక్, వైవా లాంటివి. ట్రేడ్ ప్రాక్టికల్‌కీ ఫార్మేటివ్‌కీ (ఇంటర్నల్ మార్కులకీ) పాసు 60 శాతం, మిగతా వాటికి 33. అంటే నువ్వు ఊరికే ఇచ్చే ప్రతి మార్కూ వాడి పాసు ఫెయిలుని అటూ ఇటూ చేస్తుంది, అందుకే నీకు మనసొప్పట్లేదు, ఒప్పకూడదు కూడా.

నేనైతే వందకి ఇలా వేసేవాణ్ణి. డ్రాయింగ్ ముందే గీసి, పనిముట్లు సర్దుకుని, చెప్పులో బూట్లో వేసుకుని కూర్చున్నాడా అన్నదానికి 15, చేతి పని, అంటే స్ట్రిప్పింగ్ నుంచి కనెక్షన్ దాకా, 30, నాలుగు పొజిషన్ల టెస్టుకి 15, విప్పి పెట్టడం, ప్రశ్నలు కలిపి 15, బెంచీ శుభ్రం చేసి రికార్డు రాసినందుకు 5. ఎనభైయే అయింది కదా, మిగతా ఇరవై ఖాళీగా వదిలెయ్. బిగువు, జాయింట్, సప్లై ఇచ్చి టెస్ట్ చెయ్యడం, ఇవి ఓజేటీ నుంచి తిరిగొచ్చాక మొదటి శనివారం షాప్‌లో చూస్తా అని రిజిస్టర్లో పెన్నుతో రాసుకో. ఆ రోజే ఫోన్‌లో చేసిన జాబ్‌లో ఓ చిన్న ముక్క మళ్ళీ చేయించు, ఫోన్‌లో వచ్చిన దానికీ దీనికీ మరీ తేడా ఉంటే షాప్‌దే లెక్క, ఇది పిల్లలకి పరీక్షకి ముందే చెప్పాలి, తర్వాత చెప్తే అన్యాయం. సేఫ్టీ తప్పు చేస్తే, అంటే వద్దన్నా ప్లగ్ పెట్టడం లాంటిది, రెండు మార్కులు కోసి ముందుకెళ్ళకు, పరీక్ష అక్కడే ఆపి ఇంకో రోజు పెట్టు.

ఓజేటీ దగ్గరున్న సూపర్‌వైజర్‌ని వాడుకో గానీ మార్కులు అడక్కు. అడిగావంటే "బాగానే చేస్తున్నాడండీ, తొంభై వెయ్యండి" అంటాడు, అందరికీ అదే తొంభై, ఆయనకి ఆయన పని ఉంది పాపం. ఫోన్ చేసి అవును కాదు అని చెప్పగలిగేవి అడుగు. బోర్డు విప్పే ముందు కరెంటు తీశాడా? చెప్పిన టైంకి వస్తున్నాడా? వైరు ముక్కలు అక్కడే పడేస్తున్నాడా? ఒంటరిగా ఒక పని అప్పగించారా ఇప్పటిదాకా? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు మన పరీక్ష కన్నా చాలాసార్లు నిజం చెప్తుంది. కొందరు పిల్లల్ని అక్కడ టీ తేవడానికి తప్ప వాడరు, అది కూడా నీకు తెలియాలి, అలాంటి చోటు మార్చించాలి.

ప్రిన్సిపాల్ గారితో గొడవ పెట్టుకోకు. ఫోన్‌లో పెట్టనని చెప్పకు, పెడతానని చెప్పు, ఎనభైకి పంపిస్తాను సార్, ఇరవై షాప్‌లో, వీడియోలూ రికార్డులూ ఫోల్డర్లో పెట్టి ఉంచుతా, రేపు ఎవరైనా వచ్చి అడిగితే చూపించుకోవచ్చు అను. ఆధారాలు చూపించుకోవచ్చు అన్న మాటకి ఏ ప్రిన్సిపాల్ అయినా మెత్తబడతారు. థియరీ కంప్యూటర్ మీద అయిపోయింది కదా ప్రాక్టికల్ మాత్రం ఎందుకు అవ్వదు అంటారు, అక్కడ మాత్రం సప్లై సంగతి చెప్పు, తడి గచ్చు మీద కుర్రాడి కథ నాదే, నీదిగా చెప్పుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

ముందు రోజు తలా ఐదు నిమిషాలు ట్రయల్ కాల్ చెయ్యి, మార్కులు లేకుండా. ఫోన్ ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటు నుంచి, బీప్ నీకు వినపడుతోందా లేదా చూసుకో. కొన్ని ఫోన్లలో కాల్ నడుస్తుంటే బీప్‌ని గోల అనుకుని తీసేస్తుంది, అప్పుడు మీటర్ డిస్‌ప్లే కెమెరాకి చూపించమనాలి.

ఒకే బోర్డు చూపించిన ఆ ఇద్దరికీ సున్నాలు వేసి ఉంటే తీసెయ్. మా దగ్గరా ఇలాంటి జంట ఒకటి దొరికితే ఇద్దరినీ విడివిడిగా పిలిచి ఒకే టెర్మినల్ విప్పి పెట్టమన్నా, ఒకడు టకటకా పెట్టేశాడు, రెండోవాడికి కామన్ ఏదో తెలీలేదు. అడిగితే తెలిసింది, వాడి ఇంట్లో బోర్డుకి, స్విచ్‌లకి డబ్బుల్లేవు, ఫ్రెండ్ బోర్డు అరువు తెచ్చుకున్నాడు, చేసి చూసుకునే అవకాశమే రాలేదు. స్టోర్స్‌లో పాత టూవే స్విచ్‌లు రెండు, ప్లైవుడ్ ముక్క ఒకటి వెతికి ఆర్టీసీ బస్సు కండక్టర్‌కి ఇచ్చి పంపా. మీ స్టోర్స్‌లో ఏమున్నాయో రేపు పొద్దున్నే చూడు.